గోడలకెక్కిన మొహం

బొమ్మలక్కకి కోపమొస్తే అరవదు. మట్టి పిసుకుతుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు ఆమెని నోట్లో నాలుక లేని మనిషి అనుకునేవాళ్ళు. తెలిసినవాళ్ళు మాత్రం ఆమె మట్టి పిసుకుతున్నప్పుడు ఆ చేతుల వంక చూసి, ఏ పనో గుర్తొచ్చినట్టు పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఊరి చివర బట్టీ ఉన్న కార్ఖానాలో ఆమెది బొమ్మలు చేసే పని. మట్టి పలక మీద మనుషుల్నీ చేపల్నీ పక్షుల్నీ చెట్లనీ ఉబ్బెత్తుగా దిద్దడం, రంగుపూత పూయడం, బట్టీలో కాల్పించడం. ఆ ఊళ్ళో ఏ కొత్త ఆఫీసు కట్టినా, ఏ ఆసుపత్రి కట్టినా, లోపలికి అడుగు పెట్టగానే ఒక గోడ నిండా ఇలాంటి పలకలుండాలి. అదొక అలవాటు. జన్మలో బొమ్మల ప్రదర్శనకి పోనివాళ్ళు కూడా వరసలో నిలబడి ఆ గోడకి వీపు ఆనించేవాళ్ళు. పిల్లలు చేప కళ్ళలో వేళ్ళు పెట్టేవాళ్ళు. ఎవరు చేశారని అడిగినవాడు లేడు. అడగాలని ఆమెకీ ఎప్పుడూ అనిపించలేదు.

ఆమె చేసేది, ఆమె మొగుడు నిలబెట్టేవాడు. అతను బిగింపు మేస్త్రి. పరంజా ఎక్కి పలకల్ని గోడకి అతికించి, సందులు పూడ్చి, అరచేత్తో ఒకసారి నిమిరి దిగేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "నీ పిల్లల్ని అత్తారింట్లో దిగబెట్టొచ్చానే, ఎవత్తీ ఏడవలేదు" అనేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ మాట వేరేవాళ్ళన్నా గుచ్చుకునేదేమో గానీ అతను అంటే నవ్వొచ్చేది.

అంతా బాగానే ఉండేది, ఈతకొలను కట్టేదాకా.

ఊరందరి కోసం పెద్ద ఈతకొలను కట్టారు. మెట్ల పక్క గోడ మొత్తం చేపల గుంపు. అన్నిటికన్నా పైన, దూడంత లావున్న ఒక చేప. ఆ కట్టడాలన్నిటి మీదా అజమాయిషీ ఒకాయనది. అందరూ పెద్దసారనేవాళ్ళు. కొన కిందికి వంగిన ముక్కు, గడ్డం కింద ఇంకో గడ్డం, దేన్ని చూసినా నమ్మనట్టు పైకి లేచి ఉండే కుడి కనుబొమ్మ. ప్రారంభానికి ఎవరో గొప్పవాళ్ళు వస్తున్నారని ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు.

"పెద్దసారూ, గోడ ఇంకా చెమ్మ దిగలేదు. ఆరనిద్దాం" అన్నాడు మేస్త్రి.

"నీ గోడ ఆరేదాకా వచ్చేవాళ్ళు ఆగుతారట్రా? బిగించు."

"బరువైన పలక సార్. పట్టు దొరకదు."

"బిగించమన్నానా?"

బిగించాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి అత్తారిల్లు మాట ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని, "వద్దన్నాను. వినలేదు" అన్నాడు. అంతే.

ప్రారంభం ఘనంగా జరిగింది. గొప్పవాళ్ళు వచ్చారు, చప్పట్లు కొట్టారు, వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన వారంలోనే పెద్ద చేప ఊడి కింద పడింది. మెట్లు తుడుస్తున్న ఆయా పాదం మీద పడింది. ఎముకలు నుగ్గయ్యాయి. ఆ మనిషి మళ్ళీ తిన్నగా నడవలేదు.

విచారణ పెట్టారు. పెద్దసారు కనుబొమ్మ ఎత్తి చెప్పాడు: "నేను ఆగమన్నాను. ఇంటికి పోయే తొందర ఇతనిది. నా మాట వినకుండా బిగించేశాడు."

ఉన్న మాటని అటుదిటు, ఇటుదటు తిప్పేశాడు, చొక్కా తిరగేసినట్టు. మేస్త్రి నోరు తెరిచాడు గానీ, ఏనుగు ముందు చీమ ఏం చెప్పినా ఎవరు వింటారు? పైగా అతను మెతక. పని పోయింది. ఊరు ఊరుకుంటుందా? "జారుడు మేస్త్రి" అని పేరు పెట్టింది. ఇంట్లో వంటగది గోడకి రెండు బిళ్ళలు అతికించడానికి కూడా పిలిచేవాళ్ళు లేకపోయారు. గోదాముల్లో బస్తాలు మోశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. మంచాన పడ్డప్పుడు కూడా పెద్దసారుని ఒక్క మాట అనలేదు.

"నేను దిగిపోవలసింది. పరంజా మీంచి దిగి ఇంటికొచ్చేసి ఉంటే బావుండేది. పాపం, దాని కాలు" అనేవాడు.

"ఆయన్ని తిట్టవేం?" అనేది బొమ్మలక్క.

"తిడితే దాని కాలొస్తుందా?"

అతను ఆ పేరుతోనే పోయాడు. అతనికి రావలసిన కోపం కూడా తన వాటాతో కలిపి ఆమెకే వచ్చింది.

ఆమె కార్ఖానా మానలేదు. నాలుగో రోజునే పనిలోకి వచ్చి మట్టి ముందు కూర్చుంది. పొట్ట గడవాలి కదా పాపం అనుకున్నారు. పొట్ట సంగతి నిజమే. కానీ అది ఒక్కటే కాదు.

మొదటి అవకాశం పళ్ళ ఆసుపత్రి రూపంలో వచ్చింది. హాలు గోడకి, పన్ను పీకించుకుంటున్న మనిషి బొమ్మ కావాలన్నారు. పెద్దసారు వచ్చి పచ్చి మట్టి బొమ్మ చూసి సరేనని పోయాడు. అప్పుడా బొమ్మకి ఎవరిదీ కాని మొహం ఉంది. ఆయన బండి మలుపు తిరిగాక బొమ్మలక్క తడిగుడ్డ తీసింది. ముక్కు కొన కిందికి వంచింది. గడ్డం కింద ఇంకో గడ్డం అతికించింది. కుడి కనుబొమ్మని బొటనవేలితో పైకి నెట్టింది. నోరు ఇంకాస్త సాగదీసి, కళ్ళలో భయం పెట్టింది. బట్టీలోకి పోయింది మట్టి, బయటికొచ్చింది పెద్దసారు. కాలిన మొహాన్ని ఇక ఎవరు మారుస్తారు?

ఆయన గోడ దగ్గరికొచ్చి చూసి కూడా పోల్చుకోలేదు. ఎదుటివాడి కంట్లో నలుసు కనబడుతుంది గానీ తన ముక్కు వంకర తనకెక్కడ కనబడుతుంది! ఊరికి మాత్రం కనబడింది. పన్నునొప్పితో వచ్చినవాళ్ళు ఆ బొమ్మ చూసి, దవడ పట్టుకుని మరీ నవ్వారు.

ఆ నవ్వు విన్నాక బొమ్మలక్కకి రుచి తెలిసింది. చాకిరేవు భవనంలో దుప్పటితో పాటు పెద్దసారుని కూడా ఇద్దరాడవాళ్ళు చెరో వైపు పట్టుకుని పిండుతున్నారు. తపాలా ఆఫీసులో ఆయన నాలుక బారెడు చాపి స్టాంపు తడుపుతున్నాడు. బస్టాండులో, ఒక కాలి జోడు చేత్తో పట్టుకుని, వెళ్ళిపోతున్న బస్సు వెనక పరిగెడుతున్నాడు. సెలవు రోజున చుట్టాల్ని పలకరించడానికి పోయినట్టు ఆమె ఒక్కో గోడ దగ్గరికీ పోయేది. వరసలో నిలబడి ఎవరైనా నవ్వుతారేమోనని చూసేది. నవ్వితే ఆ పూట అన్నం సయించేది. ఎవరూ నవ్వకపోతే, "ఈసారి చెవులు పెద్దవి చెయ్యాలి" అనుకుంటూ ఇంటికొచ్చేది.

పాపం పండే రోజు రానే వచ్చింది. పెద్దసారుకి దవడ పన్ను సలపరం పుట్టింది. చెంప ఇంత వాచి, పళ్ళ ఆసుపత్రికి వెళ్ళి గోడ కింద బల్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా తల్లి ఒళ్ళో ఉన్న చిన్నపిల్ల ఆయన్ని చూసింది, గోడని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది.

"అమ్మా! గోడ మీది తాతయ్య దిగొచ్చాడే!"

హాలంతా గొల్లుమంది. లోపల్నుంచి తొంగి చూసిన డాక్టరు కూడా నవ్వాపుకోలేక తలుపేసుకున్నాడు. పెద్దసారు తలెత్తి గోడ చూశాడు. మొదటిసారి చూశాడు. పన్ను పీకించుకోకుండానే లేచి వెళ్ళిపోయాడు. దారిలో తపాలా ఆఫీసు, ఆ పక్క వీధిలో చాకిరేవు. అన్నీ చూసుకుంటూ పోయాడు.

మర్నాడు పై అధికారుల దగ్గరికెళ్ళి ఆ బొమ్మలు పీకించమన్నాడు.

"ఎందుకండీ? బాగానే ఉన్నాయిగా" అన్నారు వాళ్ళు.

"అవి నా మొహంలా ఉన్నాయి."

వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "ఆ పన్ను పీకించుకునేవాడు మీరేనని మీరే రాసిస్తే అలాగే పీకించేద్దాం" అన్నారు. ఆయన ఎలా రాసిస్తాడు? రాసిస్తే ఆ కాగితం ఊరంతా తిరుగుతుంది. పోనీ బొమ్మలక్కని పనిలోంచి తీయించేద్దామని కార్ఖానా యజమాని దగ్గరికెళ్ళాడు. "ఆవిడ పోతే నా బట్టీలో కాలేవి ఇటుకలే సార్. మీరు పూట పూటకీ ఇటుకలు కొంటారా?" అన్నాడాయన.

చివరికి పెద్దసారే వచ్చాడు. ఆమె పీట ముందు నిలబడ్డాడు. చెంప వాపు ఇంకా తగ్గలేదు.

"తీసెయ్" అన్నాడు.

"ఏవి సార్?"

"నీకు తెలుసు."

ఆమె చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. అప్పుడు లేచింది.

"కొలను మెట్ల మీద నలుగురూ ఉన్నప్పుడు నిలబడి ఒక్క మాట చెప్పండి. మేస్త్రి ఆగమన్నాడు, నేనే బిగించమన్నానని. ఆ సాయంత్రానికల్లా సుత్తి పట్టుకుని నేనే తిరుగుతాను. మీ మొహం మీకిచ్చేస్తాను."

పెద్దసారు వాచిన చెంప తడుముకున్నాడు. చెబుతాడేమోనని ఆమెకి ఒక్క క్షణం భయమేసింది కూడా. చెప్పేస్తే ఇక తను చేసేదేముంటుంది?

"చచ్చినవాడికి ఇప్పుడు పేరెందుకే?" అన్నాడాయన.

"బతికున్నవాడికి మొహమెందుకు మరి?" అంది.

ఆ తర్వాత పశువుల ఆసుపత్రి గోడ మీద వెలిసిన గాడిద గురించి చెప్పనక్కర్లేదు. దానికి నాలుగు కాళ్ళూ తోకా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కనుబొమ్మ ఒక్కటే గాడిదది కాదు. పెద్దసారు పదవి నుంచి దిగిపోయాడు, జుట్టు నెరిసింది. గోడల మీద మాత్రం ముడత పడలేదు. తడిగుడ్డతో తుడిస్తే ఇంకా నిగనిగలాడేవాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఈతకొలనుకి మరమ్మతులు మొదలుపెట్టారు. ఊడిన పెద్ద చేప చోటు ఇన్నాళ్ళూ బోసి గిలాబుతో ఉండిపోయింది. కొత్తగా వచ్చిన మేనేజరు కార్ఖానాకొచ్చి, "అక్కడ ఏదైనా మంచి బొమ్మ..." అని మొదలుపెట్టేలోపే బొమ్మలక్క చేస్తానంది. ఏం చెయ్యాలో ఆమెకి ఎప్పుడో తెలుసు. పరంజా మీద మేస్త్రి, ఆరని గోడ మీద అరచెయ్యి ఆనించి, కిందికి తల తిప్పి ఆగమంటూ ఉంటాడు. కింద పెద్దసారు ఒక చేత్తో గడియారం చూపిస్తూ, రెండో చేత్తో బిగించమంటూ ఉంటాడు. జరిగింది జరిగినట్టు. అక్షరమ్ముక్క రానివాడు కూడా చదవగలిగేట్టు.

పెద్దసారు బొమ్మ పూర్తవడానికి ఒక పూట కూడా పట్టలేదు. కళ్ళు మూసుకున్నా వచ్చేస్తాడాయన.

తర్వాత మొగుడి బొమ్మ మొదలుపెట్టింది. భుజాలు వచ్చాయి. చెయ్యి వచ్చింది. మొహం దగ్గరికొచ్చేసరికి ముక్కు కొన కిందికి వంగింది. చెరిపేసింది. మళ్ళీ దిద్దింది. ఈసారి కనుబొమ్మ లేచింది. మట్టి మొత్తం తీసి ముద్ద చేసి, మొదటి నుంచి మొదలెట్టింది. గడ్డం కింద గడ్డం వచ్చి కూర్చుంది.

బొమ్మలక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఇన్ని గోడలు. ఊరు ఈ చివర నుంచి ఆ చివరిదాకా తన శత్రువు మొహం. తన మనిషి మొహం ఒక్క గోడ మీదా లేదు. ఇప్పుడు చేద్దామంటే చేతులకి రాదు. ఇంట్లో ఫొటో ఒకటుంది. పెళ్ళైన కొత్తలో తీయించుకున్నది, వెలిసిపోయింది. దాంట్లో బుగ్గ ఎంత లోతో, గడ్డం ఎంత పొడుగో తెలీదు. కాయితానికి ఎత్తుపల్లాలుండవు. ఆ రోజు ఆమెకి పెద్దసారు మీద వచ్చిన కోపం అంతకు ముందు ఏనాడూ రాలేదు. పేరు తీసుకున్నాడు, మనిషిని తీసుకున్నాడు, ఇప్పుడు చేతుల్లో కూడా వాడే కూర్చున్నాడు. కూర్చోబెట్టిందెవరంటే, అది మాత్రం తనే.

మర్నాడు ఆడబిడ్డ ఇంటికెళ్ళింది. మేస్త్రికి చెల్లెలు. తాళాలు బాగుచేసే దుకాణం నడుపుతుంది, మాట మహా కటువు.

"కూర్చో. కదలకు" అంది బొమ్మలక్క.

"దేనికొదినా?"

"మీ అన్నయ్య కావాలి నాకు."

ఆడబిడ్డ ఇంకేం అడగలేదు. దుకాణం మూసి, కార్ఖానాకొచ్చి, పీట మీద కూర్చుంది. బొమ్మలక్క కళ్ళు మూసుకుని, మట్టి చేతులతోనే ఆమె దవడ తడిమింది. చెవి తమ్మెలు తడిమింది. కింది పెదవికీ గడ్డానికీ మధ్య నొక్కు తగిలింది. అదే నొక్కు.

"ఇదుగో ఇక్కడ..." అంది.

"ఆఁ. మా నాన్నది అది. ఇద్దరికీ వచ్చింది" అంది ఆడబిడ్డ. మొహం నిండా మట్టి మరకలతో కదలకుండా కూర్చుని, కాసేపాగి మళ్ళీ అంది, "అన్నయ్య నవ్వితే ముందు ఎడమ బుగ్గ నవ్వేది. కుడిది తర్వాత, పోనీలే పాపం అన్నట్టు. మర్చిపోయావా?"

"మర్చిపోయాను."

"మర్చిపోక? ఆ ముసలాడి ముక్కు మీద పెట్టిన శ్రద్ధలో సగం మావాడి మీద పెట్టావా నువ్వు?"

బొమ్మలక్క కళ్ళు తుడుచుకుంటే కళ్ళ కింద మట్టి అంటుకుంది. ఆ తర్వాత కూడా ఆడబిడ్డ రోజూ దుకాణం మూసుకుని వస్తూనే ఉంది. అన్నయ్య చిన్నప్పటి సంగతులు చెబుతూనే ఉంది. చెట్టెక్కి దిగడం రాక ఏడ్చిన సంగతి. చెల్లెలికి జ్వరమొస్తే మందు చేదని ముందు తను తాగి చూపించిన సంగతి. బొమ్మలక్క వింటూ దిద్దింది. ఒకనాటి మధ్యాహ్నం ఆడబిడ్డ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయింది. పలక వంక చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు బొమ్మలక్కకి తెలిసింది, వచ్చాడని.

పలకలు కాల్చారు. కొత్త మేస్త్రి బిగించడానికొస్తే ఆమె రోజూ వెళ్ళి గోడ మీద చెంప ఆనించి చూసేది. "ఇంకా చల్లగా ఉంది. రేపు రా" అని పంపేసేది. మేనేజరు విసుక్కున్నాడు. విసుక్కోనిచ్చింది.

గోడ తెరిచిన రోజున చప్పట్లూ గొప్పవాళ్ళూ లేరు. ఈతకొచ్చినవాళ్ళు తడి బట్టలతో మెట్ల మీద ఆగి చూశారు. ఆయా ఇంకా అక్కడే పని చేస్తోంది. టిక్కెట్లు చించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె లేచి, ఒక కాలు ఈడ్చుకుంటూ గోడ దగ్గరికొచ్చింది. చాలాసేపు చూసింది. పక్కన నిలబడ్డ బొమ్మలక్కని అడిగింది.

"అంటే, అతను వద్దన్నాడా?"

"వద్దన్నాడు."

"ఈయన బిగించమన్నాడా?"

"అవును."

ఆయా మెట్టు మీద కూలబడింది. "పొద్దున్న లేచి కాలు కింద పెట్టగానే తిట్టేదాన్నే నీ మొగుణ్ణి. చేతులు పడిపోను అని. ఒక్క పూట తప్పలేదు. అయ్యో, చచ్చిపోయాక కూడా తిట్టానే."

"నీ కాలు గురించే ఏడ్చేవాడు, పోయేదాకా" అంది బొమ్మలక్క.

ఆయా ముక్కు చీదుకుంది. మెల్లగా లేచి, పై మెట్టెక్కి చెయ్యి చాచి, పలక మీద మేస్త్రి పాదం అందితే దాన్ని పట్టుకుంది. తర్వాత కిందనున్న గడియారం మనిషి వైపు తిరిగింది. "సరే. రేపట్నుంచి మనిషిని మార్చి తిడతాను. తిట్లు నా దగ్గర బోలెడున్నాయి" అంది.

ఊరంటే ఊరే. సాయంత్రానికి సంగతి అన్ని వీధులూ చుట్టేసింది. పెద్దసారు చెవిన కూడా పడింది. నమ్మలేదో, చూడకుండా ఉండలేకపోయాడో, రెండు రోజులాగి కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. మెట్ల మీద జనం ఉన్నారు. ఆయన గోడ వంక తలెత్తాడు. ఆయా బల్ల దగ్గర్నుంచి లేచి, కుంటుకుంటూ ఎదురొచ్చి నిలబడింది.

"గోడ ఆరిందా సారూ?"

మెట్ల మీద ఒక్కరూ నవ్వలేదు. అన్నాళ్ళుగా ఆయన్ని చూసి నవ్విన ఊరే, ఆ వేళ నవ్వకుండా జవాబు కోసం చూసింది. ఆయన పెదవులు కదిలాయి. ఏదో అన్నాడని కొందరూ, ఏమీ అనలేదని కొందరూ చెబుతారు. వెనక్కి తిరిగి కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ నెలలోనే ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు పోయాడు, బొమ్మల గోడల్లేని ఊరు.

ఆయన అక్కడే కన్నుమూశాడన్న కబురు చాన్నాళ్ళకి వచ్చింది. ఆడబిడ్డే మోసుకొచ్చింది. బొమ్మలక్క ఆ వేళ ఏదో స్కూలు గోడకి కొంగల్ని చేస్తోంది.

"ఇప్పుడైనా చల్లారిందా వదినా?"

బొమ్మలక్క ఆలోచించింది. "లేదు" అంది.

"అన్నయ్య ఉంటే ఇదంతా చెయ్యనిచ్చేవాడు కాదు."

"తెలుసు. ఉంటే చేసేదాన్నే కాదుగా."

ఆ కొంగలు పూర్తికాకముందే మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి మర్యాదగానే అడిగారు. మనిషి పోయాడు కదా, పాత బొమ్మలు తీసేసి కొత్తవి పెట్టమంటారా అని. వాటి చోట మేస్త్రి బొమ్మలు పెడదామన్నారు కూడా.

"మావాడికి కొత్త గోడలివ్వండి, చేస్తాను. వాటిని ముట్టుకోవద్దు" అంది బొమ్మలక్క. వాళ్ళు తలూపి వెళ్ళారు. ఆమె మళ్ళీ కొంగ మెడ దగ్గరికొచ్చింది. అది కొంచెం పొడుగైనట్టుంది. చేత్తో సర్ది, ఎడమ వైపుకి తిప్పింది.